హాస్యబ్రహ్మ జంధ్యాల – నవ్వుల బడిలో మన పాఠాలు

కిందటేడాది దీపావళి సెలవులకు ముందు మా తెలుగు బడిలో పిల్లలకూ పెద్దలకూ కలిపి ఒక సినిమా వేశాము. సినిమా 'అహ నా పెళ్ళంట'. పులిహోర, పకోడీలు సిద్ధం చేసుకుని, కుర్చీలు వేసి, దీపాలు ఆర్పాము. పది నిమిషాలు గడిచాక ఒక విషయం గమనించాము. పెద్దలు తెర వైపు చూసి నవ్వుతున్నారు. పిల్లలు మాత్రం నవ్వుతున్న తమ అమ్మానాన్నల వైపు చూస్తున్నారు. మూడో తరగతి చదివే ఒక పాప మా దగ్గరకు వచ్చి, అందులో నవ్వు వచ్చేదేముందని అడిగింది. మేము ఒక్కొక్క మాటకూ అర్థం విడమరిచి చెప్పాము. చెప్పడం పూర్తయ్యేసరికి మాకే నవ్వు రాలేదు, ఆ పాపకు ఇంకెక్కడ వస్తుంది!

అయితే అదే సినిమాలో కోట శ్రీనివాసరావు గారు కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే దృశ్యం వచ్చింది. అప్పుడు పిల్లలూ పెద్దలూ ఒక్కసారే నవ్వారు. ఆ గదిలో ఆ సాయంత్రం అందరం కలిసి నవ్విన మొదటి నవ్వు అదే.

ఇంటికి వెళ్ళాక కూడా ఆ విషయం మమ్మల్ని వదల్లేదు. మన పిల్లలకు గుణింతాలు వచ్చు. వేమన పద్యాలు అప్పజెప్పగలరు. కానీ తెలుగులో నవ్వడం రాకపోతే ఆ భాష వాళ్ళది ఎలా అవుతుంది? అందుకే ఈ ఏడాది మా సంచికలో, తెలుగువాళ్ళకు ఇంటిల్లిపాదీ కలిసి నవ్వుకోవడం అలవాటు చేసిన జంధ్యాల గారి జీవితం గురించి, ఆయన పని నుంచి మనం నేర్చుకోదగిన పాఠాల గురించి రాయాలనుకున్నాము.

నరసాపురం నుంచి బెజవాడకు

జంధ్యాల గారి పూర్తి పేరు జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. పిల్లలూ, ఒక్క గుక్కలో ఈ పేరు చెప్పడానికి ప్రయత్నించండి! ఇంత పొడుగు పేరున్నా లోకానికి మాత్రం ఆయన ఇంటిపేరుతోనే తెలుసు. 1951 జనవరి 14న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు వెటకారం ఉగ్గుపాలతో వస్తుందని మనవాళ్ళు సరదాగా అంటూంటారు. ఎదుటివాడిని నొప్పించకుండా, పొగుడుతున్నట్టే ఉంటూ చురక వేయడం అక్కడి మాట తీరు. ఆ మాట తీరే తరువాత ఆయన సినిమాల నిండా కనిపిస్తుంది.

చదువు విజయవాడలో సాగింది. బి.కాం. పట్టా తీసుకున్నారు. కానీ మనసంతా నాటకాల మీదే. అప్పట్లో కోస్తా జిల్లాల్లో నాటక పరిషత్తులు జోరుగా నడిచేవి. ఊరూరా పోటీలు, చలిలో కూడా దుప్పట్లు కప్పుకుని తెల్లవార్లూ కూర్చునే ప్రేక్షకులు. బాగుంటే చప్పట్లు, బాగోకపోతే అక్కడికక్కడే గోల. అటువంటి చోట నాటకం రాసినవాడికి ఏ మాట పేలుతుందో, ఏ మాట తుస్సుమంటుందో వెంటనే తెలిసిపోతుంది. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును', 'సంధ్యారాగంలో శంఖారావం' వంటి నాటకాలతో ఆయన రచయితగా పేరు తెచ్చుకున్నారు. హాస్యం రాయాలనుకునేవారికి మొదటి బడి వేదికేనని ఆయన జీవితం చెబుతుంది. కాగితం మీద ఎంత బాగున్నా, ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వితేనే అది హాస్యం.

ఒకే కలం, రెండు రకాల సిరా

1970ల మధ్యలో ఆయన మద్రాసు సినీరంగంలో అడుగుపెట్టారు. 1976లో వచ్చిన కె. విశ్వనాథ్ గారి 'సిరిసిరిమువ్వ'కు మాటలు రాశారు. మరుసటి ఏడాదే ఎన్.టి. రామారావు గారి 'అడవి రాముడు'. ఒకటి మాటలు రాని అమ్మాయి కథ, మరొకటి ఊరూవాడా ఈలలు వేసిన చిత్రం. 1979లో వచ్చిన 'వేటగాడు'లో రావు గోపాలరావు గారి చేత ఆయన పలికించిన ప్రాసల సంభాషణలు జనానికి కంఠతా వచ్చాయి. ఆ మాటల కోసమే సినిమాకు మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాళ్ళు మా ఇళ్ళలోనే ఉన్నారు. ఆ తరువాత 1980లో 'శంకరాభరణం' వచ్చింది. శాస్త్రీయ సంగీతానికి ఆదరణ తగ్గిపోతున్న కాలంలో ఒక విద్వాంసుడి ఆత్మాభిమానం గురించిన ఆ చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. దానికి మాటలు రాసింది కూడా జంధ్యాల గారే. 1983లో వచ్చిన 'సాగర సంగమం' కూడా ఆయన రచనే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచిద్దాం. వేటగాడు మాటలు రాసిన చేయీ, శంకరాభరణం మాటలు రాసిన చేయీ ఒక్కటే. హాస్యం రాసేవాళ్ళకు వేరే ఏమీ రాదని లోకంలో ఒక చిన్నచూపు ఉంది. నిజానికి ఏడిపించడం తెలిసినవాళ్ళే బాగా నవ్వించగలరు. ఎందుకంటే రెండింటికీ మనిషి మనసు తెలియాలి. ఏ పాత్ర ఏ మాట అంటుందో, ఏ మాట అనదో తెలియాలి.

సుఖమైన దారి వదిలి

1980 నాటికి జంధ్యాల గారు తీరిక లేని రచయిత. పెద్ద హీరోలు, పెద్ద దర్శకులు ఆయన మాటల కోసం చూసేవారు. అలాగే సాగిపోయినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆయన దర్శకుడిగా మారారు. 1981లో 'ముద్దమందారం' తీశారు. ప్రదీప్, పూర్ణిమ వంటి కొత్తవాళ్ళతో, రమేష్ నాయుడు గారి సంగీతంతో, ఫైటింగుల హంగామా లేని ఒక లేత ప్రేమకథ. ఆ రోజుల్లో అది సాహసమే. అడవి రాముడు వంటి చిత్రాలకు రాసిన మనిషి, అటువంటి హంగులేవీ లేకుండా కథను నమ్ముకుని బయలుదేరారు. జనం ఆదరించారు.

1982లో 'నాలుగు స్తంభాలాట'తో నరేష్ గారిని హీరోగా పరిచయం చేశారు. ఆ సినిమాతోనే తెలుగు భాషలోకి ఒక కొత్త వాడుక వచ్చింది. విసుగు పుట్టేలా అదేపనిగా మాట్లాడటాన్ని సుత్తి కొట్టడం అంటున్నాము కదా, దానిని ఇంటింటికీ చేర్చింది ఆ చిత్రమే. అందులో నటించిన వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఆ మాటే ఇంటిపేరైపోయింది. వీరభద్రరావు గారు అంతకుముందు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినవారు. కనిపించకుండా గొంతుతోనే నవ్వించడం రేడియో నేర్పిన విద్య. ఆ గొంతు విలువ గుర్తించి తెర మీదకు తెచ్చినది జంధ్యాల గారు. ఒక సినిమా ఒక భాషకు కొత్త వాడుకను ఇవ్వడం, నలభై ఏళ్ళు దాటినా ఆ మాట మన నోళ్ళలో బతికి ఉండటం ఎంత గొప్ప సంగతో ఆలోచించండి.

నాట్యం ప్రధానంగా 'ఆనంద భైరవి' తీసినదీ ఆయనే. కూచిపూడి గురువుగా గిరీష్ కర్నాడ్ గారు నటించిన ఆ చిత్రం చూస్తే, హాస్యబ్రహ్మ అన్న బిరుదు ఆయనలో సగాన్నే చెబుతుందని అనిపిస్తుంది.

నవ్వుల పాఠాలు

ఇక ఆయన సినిమాలు చూస్తూ మేము రాసుకున్న పాఠాలు చెబుతాము. నాటికలు రాయాలనుకునే మన పిల్లలకు, వాటిని వేయించే మనకు కూడా ఇవి పనికొస్తాయి.

మొదటి పాఠం: ప్రతి మనిషికీ ఒక పిచ్చి ఉంటుంది. ఆ పిచ్చిని పట్టుకోవాలి. 1984లో వచ్చిన 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మి గారిది సినిమా పిచ్చి ఉన్న ఇల్లాలి పాత్ర. సినిమా కథ చెప్పమంటే పేర్లు పడే దగ్గర నుంచీ చెబుతుంది. 1986లో వచ్చిన 'చంటబ్బాయ్'లో ఆమెదే కవయిత్రి పాత్ర. తన కవితలతో పత్రిక సంపాదకుడి ప్రాణం తీస్తుంది. ఇలాంటివాళ్ళు మన చుట్టుపక్కల ఉన్నారు. జంధ్యాల గారు చేసిందల్లా ఆ గుణాన్ని రెండింతలు చేసి చూపించడమే. లేనిదాన్ని పుట్టించలేదు, ఉన్నదాన్ని పెంచారు.

రెండో పాఠం: నవ్వించే పాత్రకు తాను నవ్విస్తున్నానని తెలియకూడదు. ఆ కవయిత్రి తన కవిత్వం అద్భుతమని మనస్ఫూర్తిగా నమ్ముతుంది. ఆమె నమ్మకమే మనకు నవ్వు. అదే ఆమె మన వైపు చూసి కన్నుగీటి ఉంటే ఆ నవ్వు అక్కడే చచ్చిపోయేది. మన బడి నాటికల్లో పిల్లలు తమ మాటకు తామే ముందు నవ్వేస్తారు. అలా కాకుండా నిలబడటం అభ్యాసం మీద వస్తుంది.

మూడో పాఠం: బాధపడేవాడు పక్కనే ఉండాలి. సినిమా కథ చెప్పే ఇల్లాలు ఒక్కతే కూర్చుని చెప్పుకుంటే నవ్వు రాదు. ఆ కథ వినక తప్పని భర్తగా నూతన్ ప్రసాద్ గారు ఉన్నారు. ఆయన ముఖంలో సహనం మెల్లమెల్లగా కరిగిపోవడం చూసి మనం నవ్వుతాము. కవయిత్రికి సంపాదకుడు, పిసినారికి పనివాడు. సగం హాస్యం మాట్లాడేవాళ్ళది, మిగిలిన సగం వినేవాళ్ళది.

నాలుగో పాఠం: హాస్యం కథకు అతికించినది కాకూడదు, కథలోంచే రావాలి. 1987లో డి. రామానాయుడు గారు నిర్మించిన 'అహ నా పెళ్ళంట' చూడండి. ఆది విష్ణు గారి 'సత్యంగారిల్లెక్కడ' నవల దానికి ఆధారం. లక్ష్మీపతి పరమ పిసినారి. అతని కూతురిని పెళ్ళాడాలంటే హీరో తానూ పిసినారినేనని నమ్మించాలి. ఇంక రచయిత విడిగా జోకులు వెతుక్కోనక్కరలేదు. ప్రతి భోజనం, ప్రతి బట్ట, ప్రతి పైసా ఒక పరీక్షే. రాజేంద్రప్రసాద్ గారు ఆ పరీక్షల్లో నెగ్గుతారా లేదా అన్న ఆత్రుత లోపల నడుస్తూంటుంది, పైన నవ్వు నడుస్తూంటుంది.

అయిదో పాఠం: మనుషులలో ఇతరులు చూడనిది చూడాలి. కోట శ్రీనివాసరావు గారిని అప్పటికి జనం 'ప్రతిఘటన' వంటి చిత్రాల్లో భయపెట్టే విలన్‌గా చూశారు. ఆయనలో పిసినారి లక్ష్మీపతి దాగి ఉన్నాడని ఎవరు అనుకుంటారు? అలాగే అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే అధ్యాపకుడు ఒకాయన ఉండేవారు. మిమిక్రీ బాగా చేసేవారు. ఆయనకు అరగుండు పాత్ర ఇచ్చి నిలబెట్టారు. ఆ తెలుగు మాస్టారే బ్రహ్మానందం గారు. తరువాత గిన్నిస్ రికార్డుకు ఎక్కినన్ని సినిమాల్లో నటించారు, 2009లో పద్మశ్రీ అందుకున్నారు. 1992లో 'బాబాయ్ హోటల్'లో ఆయననే ప్రధాన పాత్రలో నిలబెట్టింది కూడా జంధ్యాల గారే. మాస్ హీరోగా వెలుగుతున్న చిరంజీవి గారి చేత చంటబ్బాయ్‌లో అమాయకపు డిటెక్టివ్ వేషం వేయించి, చార్లీ చాప్లిన్‌లా నటింపజేయడం కూడా ఇటువంటి చూపే. దానికి మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ఆధారం.

ఆరో పాఠం: తిట్టు కూడా శుభ్రంగా ఉండవచ్చు. జంధ్యాల గారి పాత్రలు కోపం వస్తే ఊపిరి తిరగకుండా తిడతాయి. కానీ అందులో ఒక్క బూతు ఉండదు. చిత్రవిచిత్రమైన పోలికలు, ప్రాసలు, ఎక్కడా లేని పేర్లు దండగుచ్చినట్టు వస్తాయి. తిట్టించుకున్నవాడికి ఏమన్నారో అర్థమయ్యేలోపే మనకు నవ్వు వచ్చేస్తుంది. తాతగారి పక్కన మనవరాలు కూర్చుని చూడగలగాలన్నది ఆయన సినిమాలకు ఉన్న గీత. ఆ గీత దాటకుండానే అన్ని నవ్వులు పండించారు. బూతు లేకపోతే నవ్వు రాదనేవాళ్ళకు ఆయన సినిమాలే జవాబు.

ఏడో పాఠం: పెద్దల దగ్గర తీసుకున్నదాన్ని దాచుకోకూడదు. 'అహ నా పెళ్ళంట', 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' – ఈ మూడు సినిమాల పేర్లూ 1957 నాటి 'మాయాబజార్' పాటల నుంచి తీసుకున్నవే. తన ముందు నవ్వించిన వాళ్ళకు నమస్కారం పెట్టి పని మొదలుపెట్టడమన్నమాట.

మన ఊళ్ళకు వచ్చిన సినిమా

పరాయి దేశంలో ఉంటున్న మనకు ఆయన తీసిన ఒక సినిమా మరీ దగ్గరిది. 1987లో వచ్చిన 'పడమటి సంధ్యారాగం' అమెరికాలో చిత్రీకరించినది. విజయశాంతి గారు తెలుగమ్మాయిగా, తరువాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న థామస్ జేన్ అమెరికా అబ్బాయిగా నటించారు. అతనికి అదే మొదటి సినిమా. పిల్లను అమెరికాకు తీసుకొచ్చి, అమెరికా పిల్లగా మారకూడదని ఆరాటపడే తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి గారు. ఆ తండ్రిని చూసి మనం నవ్వుతాము. కాసేపయ్యాక ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. ఎందుకంటే ఆయన మనమే. పిల్లలకు తెలుగు రావాలని శనివారం పొద్దున్నే నిద్ర లేపి బడికి తెచ్చే మన తాపత్రయమంతా ఆ పాత్రలో ఉంది. జంధ్యాల గారు ఆ తండ్రిని వెక్కిరించలేదు. ఆయన మూర్ఖత్వాన్నీ చూపించారు, ఆయన ప్రేమనూ చూపించారు. కూతురి వైపు న్యాయాన్నీ దాచలేదు. ఈ సినిమాను పిల్లలూ తల్లిదండ్రులూ ఒకే సోఫాలో కూర్చుని చూడాలని మా కోరిక.

యాభై ఏళ్ళకే

దర్శకత్వం చేస్తూనే ఇతరులకు మాటలు రాయడం ఆయన మానలేదు. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 1991లో 'ఆదిత్య 369' వంటి చిత్రాలకు ఆయనే మాటల రచయిత. 1992లో విశ్వనాథ్ గారి 'ఆపద్బాంధవుడు'లో నటించారు కూడా. 2001 జూన్ 19న హైదరాబాదులో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళే. అంతమందిని నవ్వించిన మనిషి అంత త్వరగా వెళ్ళిపోవడం తెలుగువాళ్ళకు తీరని లోటు. ఆయన వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటినా ఏ పెళ్ళింట్లోనో నలుగురు కూర్చుంటే ఆయన సినిమాల్లోని మాట ఒకటి ఎవరో ఒకరు అంటారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు.

మా బడిలో జరిగింది

మొదట చెప్పిన పాప సంగతికి వద్దాం. ఆ సాయంత్రం తరువాత మేము ఆలోచించి, జోకులకు అర్థం చెప్పడం మానేశాము. దానికి బదులు పిల్లలకు ఒక పని ఇచ్చాము. మీ ఇంట్లో ఒక మనిషిని వారం రోజులు గమనించండి, ఆ మనిషికి ఉన్న పిచ్చి ఏమిటో తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకురండి అన్నాము. తెలియని మాటలు అమ్మమ్మనో నాన్ననో అడగమన్నాము.

మరుసటి శనివారం పిల్లలు తెచ్చినవి చదివి మేము కడుపుబ్బ నవ్వాము. ఖాళీ పెరుగు డబ్బాలు ఒక్కటీ పారేయని అమ్మమ్మ. గదిలో ఎవరూ లేకపోతే లైటు ఆర్పేసి, ఆ తరువాత చీకట్లో తన కళ్ళజోడు కోసం వెతుక్కునే నాన్న. ఇండియాకు ఫోన్ చేస్తే ఏడు సముద్రాల అవతలికి వినపడాలన్నట్టు అరిచే తాతయ్య. ఆ పాప తన అమ్మ గురించి రాసింది. వెళ్ళొస్తామని గుమ్మం దగ్గర నిలబడి ముప్పావు గంట మాట్లాడుతుందట. తాను చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంటుందట. వినక తప్పనివాళ్ళు పక్కనే ఉండాలన్న మూడో పాఠం ఎవరూ చెప్పకుండానే ఆ పాపకు తెలిసిపోయింది!

వాటన్నిటినీ కలిపి వార్షికోత్సవానికి ఒక నాటిక చేశాము. తప్పులు దొర్లాయి. ఒకరు ళ పలకలేదు, ఇంకొకరు మాట మరిచిపోయారు. కానీ గుమ్మం దగ్గర అమ్మ వీడ్కోలు సన్నివేశం వచ్చేసరికి హాలంతా నవ్వింది. ఈసారి పిల్లలు వేదిక మీద నుంచి పెద్దల వైపు చూశారు, నవ్వు ఎందుకు వస్తోందో తెలిసి చూశారు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. నెలకు ఒక రాత్రి జంధ్యాల గారి సినిమా ఒకటి పిల్లలతో కలిసి చూడండి. మధ్యలో ఆపి అర్థాలు చెప్పకండి. మీరు మనసారా నవ్వండి. పిల్లలు మీ ముఖాలు చూస్తారు, తరువాత తెర చూస్తారు, మరునాడు పొద్దున్న ఒక మాట గురించి అడుగుతారు. అప్పుడు చెప్పండి. భాష అలా ఒక్కొక్క నవ్వుగా ఇంట్లోకి వస్తుంది.